రెండో చిల్లు

లోవరాజు బండి మళ్లీ వచ్చింది,
ట్రాలీ ఆటో మీద, తాళ్లతో కట్టి,
సంతకు తోలిన దున్నలా మొహం వేలాడేసి.

పాత జపాను బండి, నాలుగు సిలిండర్లు.
దాని డొక్కలో ఎవరిదో డీజిల్ కారు టర్బో.
అతికించింది నేనే.
పేరొచ్చినప్పుడు నాదైతే
తప్పొచ్చినప్పుడు ఇంకెవరిదవుద్ది?

"మూడు కిలోమీటర్ల వరకూ పులండి మేస్త్రిగారూ.
తర్వాత ఉబ్బసం."

ట్యాంకు మీద టేపుతో గేజి కట్టాను.
ఎర్రవంతెన షెడ్డులో, నిలబెట్టి ఉంచితే
మూడు బార్లు. ముల్లు కదల్లేదు.
కానీ టర్బో ఊదినకొద్దీ
పెట్రోలు కూడా అంత బలంగా ఎదురెళ్లాలి.
వెనకబడిందా, మంట పల్చనై తెల్లగా కాలి
పిస్టన్ నెత్తి జారిపోద్ది.
అలాంటిదొకటి మేకుకి వేలాడదీశాను,
చీమలు తిని వదిలేసిన పంచదార చిలక లాంటిది.
కుర్రాళ్లు అడిగితే చూపిస్తాను.

బోడసకుర్రు వంతెన మీద నేను తోలుతున్నాను.
వెనక సువార్త, నా భుజం మీంచి గేజి చదువుతూ.
కింద వైనతేయ, మొహాన ఉప్పుగాలి.
"మూడున్నర... మూడున్నర... మూడు బాబాయ్...
రెండుంపావు, వదిలెయ్ వదిలెయ్!"
ఒంటితాడి దగ్గర దగ్గింది.

ఫిల్టరు మార్చాను.
ఎర్తు వైరు మీద తెల్లగా పూసిన ఉప్పు గీకాను.
పంపు దగ్గర పదమూడున్నర వోల్టులు,
అంటే దాని తిండికి లోటు లేదు.
రెగ్యులేటరుకి వెళ్లే సన్న గొట్టం
నోట పెట్టి పీల్చాను. నాలుక అంటుకుపోయింది.
ఓటి లేదు.
విజయవాడ నుంచి కొత్త పంపు తెప్పించాం,
బస్సు పార్సిలు, నాలుగు రోజులు.
అదే తాడి. అదే దగ్గు.

ముప్ఫై ఏళ్లుగా స్పానరు పట్టిన చెయ్యి.
ఆ రాత్రి పులస పెట్టినా
ముల్లు తప్ప రుచి తెలీలేదు.

సువార్త దగ్గర లెక్కల పుస్తకం ఉంటుంది,
పాలిటెక్నిక్‌లో మిగిలిపోయిన తెల్ల కాగితాలు.
"ఆగిన ప్రతిసారీ మూత తీసి చూస్తున్నావు.
తీశాక మళ్లీ మూడు కిలోమీటర్లు నడుస్తోంది.
నువ్వు తిట్టినందుకు కాదు."

ఈసారి మూత తిప్పి చెవి దగ్గర పెట్టాను.
స్స్‌...
బయటికి కాదు. లోపలికి.
గొంతు నొక్కి వదిలిన మనిషిలా
ట్యాంకు గాలి మింగింది.

నూనె డబ్బాకి ఒక్క చిల్లు పెట్టి వంచితే
గుటక గుటకగా ఏడుస్తుందని,
ఎదురుగా ఇంకో మేకు దించాలని
కిరాణా కొట్టు పిల్లాడికి తెలుసు.
నాకు తెలీలేదా? తెలుసు.
పంపుని అడిగాను, వైర్లని అడిగాను,
ఖాళీ అవుతున్నదాన్ని మాత్రం
ఏం కావాలని అడగలేదు.

ట్యాంకు గాలి పీల్చుకునే గొట్టం కింద, గొలుసు పక్కన
చువ్వ పెట్టి లాగింది సువార్త.
గోరంత మట్టి ముద్ద ఊడింది.
చెరువు గట్టు మట్టి, కందిరీగ మెత్తింది.
చిట్లిన మూల నుంచి చూస్తే
కదలని సాలీడు, దాని మీద
మెతుకంత తెల్ల పురుగు, తింటోంది.

లోవరాజు తల పట్టుకున్నాడు.
రొయ్యల చెరువు మీద పన్నెండు ఏరియేటర్లు అతనికి.
అర్ధరాత్రి కరెంటు పోతే లుంగీతోనే
జనరేటరు దగ్గరికి పరిగెత్తేవాడు.
"గాలేనాండీ?" అన్నాడు. "గాలేనా?"

ఆ సాయంత్రం తాడి దాటాం.
మూడున్నర, మూడున్నర. వంతెన చివరిదాకా
సువార్త అదే అంకె అరుస్తూనే ఉంది,
వద్దన్నా వినకుండా.

బిల్లు రాయడానికి కూర్చున్నాను.
పంపు వాపసు. ఫిల్టరు నా ఖర్చు.
కందిరీగ అని రాసి, ఎదురుగా ఏం వెయ్యాలో తోచక
గీత గీశాను.

మట్టి ముద్దని సువార్త పారెయ్యనివ్వలేదు.
చిట్లిన చోట తడిమట్టి మెత్తి,
కిటికీ మీద పాత ప్లగ్గుల డబ్బాలో పెట్టింది.
మూడు వారాలు దాన్ని మర్చిపోయాం.

ఈ ఉదయం ప్లగ్గు కోసం చెయ్యి పెడితే
ముద్ద తేలిగ్గా ఉంది,
పక్కన గుండ్రంగా, బరమాతో దింపినట్టు
ఒక చిల్లు.